సిగ్నలుకు అడ్డొచ్చే మనుషులు

వీర్రాజు గారికి ఒకే ఒక్క పట్టుదల: ఇంట్లో ఏది చెడిపోయినా సరే, బాగుచేసే చోట మనిషన్నవాడు ఉండకూడదు. ఆయన తప్ప.

కెనడాలోని ఒషావాలో ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో నేనూ నా స్నేహితురాలు నిఖిలా అద్దెకుండేవాళ్లం. కాలేజీలన్నీ మన పిల్లలతో కిటకిటలాడుతూ, గది దొరకడమే గగనమైన రోజులవి. టెలికాం ఇంజనీరుగా ఆయన రిటైరయ్యారు గానీ, ఆ సంగతి ఆయన స్క్రూడ్రైవర్‌కి ఎవరూ చెప్పలేదు. వైఫై రాలేదంటే చాలు, ఆ స్క్రూడ్రైవర్‌ని జేబులో పెట్టుకుని కిందికి దిగేవారు.

"మనిషంటే ఏంటమ్మా? నీళ్ల మూట. నీళ్లు సిగ్నల్ని మింగేస్తాయి. పైకెళ్లి మీ ఆంటీ దగ్గర కూర్చోండి."

చాముండేశ్వరి ఆంటీ వంటింట్లో ఊరికే కూర్చోవడం ఎవరి తరం? పళ్లెం చేతికొచ్చేది. మామూలుగా ఆవిడ పిలిస్తే "తిన్నాం ఆంటీ" అనడం మాకు అలవాటు. నిజానికి తిన్నది నూడుల్సే.

ప్రింటర్ ఆగినా పైకే. బల్బు పోయినా పైకే. ఓసారి కుళాయి కారుతుంటే కూడా పొమ్మన్నారు.

"నల్లాకి సిగ్నల్ ఏంది అంకుల్?" అంది నిఖిల.

"ఉన్న నీళ్లు చాలవూ? మళ్లీ మీరు కూడానా!"

ఆఖరి టర్మ్‌లో మాత్రం నాకు నవ్వు రాలేదు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌తో గది చలిని కొలిచి లాప్‌టాప్‌కి పంపే ప్రాజెక్టు చేశాను. మర్నాడే డెమో. అది పోతే కోర్సు మళ్లీ చదవాలి, వర్క్ పర్మిట్‌కి అప్లై చేయడమూ వెనక్కే. చూడ్డానికి బాగుంటుందని అమ్మ ఇచ్చిన స్టీలు పోపుల డబ్బాలో దాన్ని ముచ్చటగా బిగించి మూత పెట్టాను. వైఫై వచ్చినట్టే వచ్చి పోతోంది. రీస్టార్ట్ చేశాను, ఛార్జర్ మార్చాను, దణ్ణం కూడా పెట్టాను. అన్నిటి మీదా అనుమానపడ్డాను, డబ్బా మీద తప్ప.

వీర్రాజు గారు డబ్బాను చూశారు, నన్ను చూశారు.

"చాలా పెద్ద ప్రాబ్లం కావ్యా. టైం పడుతుంది. పైకెళ్లండి."

పైన వంకాయ కూర, ముద్దపప్పు. నాకు ముద్ద దిగితేనా! చెయ్యి కడుక్కోకుండానే కిందికి పరుగెత్తాను.

నా చిన్న కంప్యూటర్ డబ్బా బయట ఉంది. లాప్‌టాప్‌లో చలి కొలతల గీత ఎక్కడా తెగకుండా సాగిపోతోంది. ఆయన వాషింగ్ మెషీన్‌కి ఆనుకుని ఫోన్‌లో పేకాడుకుంటున్నారు.

"ఎప్పుడు బాగైంది అంకుల్?"

"నువ్వు మెట్లెక్కుతుండగానే. స్టీలు డబ్బాలోంచి సిగ్నల్ ఎలా వస్తుందమ్మా? పైన ఖాళీ పెరుగు డబ్బాలు బోలెడున్నాయి, ఓ ప్లాస్టిక్‌ది తెచ్చుకో."

"మరి పిలవలేదేం? నేనక్కడ చస్తున్నాను!"

"ష్! పిలిస్తే ఆ నిఖిల పళ్లెం వదిలేసి లేచి వచ్చేస్తుంది. మొహమాటప్పిల్ల. నువ్వేం తక్కువా?"

"అంటే... కుళాయి రోజు కూడా?"

"ఆ రోజు మీ ఆంటీ గారెలు వేసింది."

హమ్మయ్య, నాకు ప్రాణం లేచొచ్చింది. గట్టిగా నవ్వబోయి, ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మెట్లెక్కాను.

"అయిందా?" అంటూ నిఖిల లేవబోయింది.

"లేదే. ఇంకో అరగంటైనా పడుతుందట," అని దాన్ని కూర్చోబెట్టి, నా పళ్లెం ముందుకు జరిపాను. "ఆంటీ, పప్పు ఇంకొంచెం వెయ్యండి."