ప్రసాదం తప్ప

మా అత్త పోయింది. ఆషాఢంలో ఒక ముసురు పొద్దున కాఫీ లోటా కింద పెట్టి, "ఉండమ్మీ, ఆయాసంగా ఉండాది" అని గోడకు ఆనుకుంది. నేను పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చేలోపల అంతా అయిపోయింది. మంచాన పడకుండా పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు వచ్చినవాళ్ళంతా. నాకు మాత్రం మొదట ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇకమీదట పిల్లవాణ్ణి కాచుకోవడానికి నేనొక్కదాన్నే కదా అనిపించింది. చదివేవాళ్ళకు ఇది స్వార్థంగా తోస్తే తోయనీండి. చాలా అలిసిపోయి ఉన్నాను.

మాది బళేపేట, మా ఆయనది గాజుల అంగడి. పిల్లవాడు కడుపులో ఉన్నప్పుడు నాకు ప్రాణం మీదికి వచ్చింది. తల్లీబిడ్డా బయటపడితే బిడ్డ బరువుకు బరువు చెనక్కాయలు తూచి ఇస్తానని మా అత్త బసవనగుడి బసవన్నకు మొక్కుకుంది. వేరుశనగను మా ఇళ్ళలో చెనక్కాయ అనే అంటాం. కార్తీకంలో కడసారి సోమవారం అక్కడ పరిష, అంటే తిరునాళ్ళు, జరుగుతుంది. చుట్టుపక్కల రైతులు తొలిపంట చెనక్కాయలు తెచ్చి రోడ్డు పొడవునా రాశులు పోస్తారు. యుద్ధమనీ, కరువనీ ఆ మొక్కు వెనక్కి పడుతూ వచ్చింది.

పిల్లవాడికి రెండో ఏడు నడుస్తుండగా పరిషకు ఊరికే చూడడానికి తీసుకుపోయాం. ఇంటికి వచ్చేసరికి పెదవులు ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు. మా అత్త ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. సాయంత్రానికి తగ్గింది. "మొక్కు తీర్చలేదు కదా, సామి గుర్తు చేసినాడు" అంది. మాకందరికీ ఆ మాట సరిగ్గానే తోచింది.

మరుసటి ఏడు పరిషలో త్రాసు కట్టించింది. ఒక తట్టలో మనవణ్ణి కూర్చోబెట్టి, రెండో తట్టలో చెనక్కాయలు పోయించింది. తట్టలు సమానమైనప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తరువాత తన చేత్తో ఒలిచి, బెల్లంముక్కతో కలిపి, గుప్పెడు ప్రసాదం వాడికి తినిపించింది.

జట్కా సగం దారి పోకముందే వాడి ముఖం గుర్తుపట్టలేనట్టు అయింది. గొంతులో పిల్లికూతలు. జట్కాను తెల్లదొరల పటాలం ఉండే దండు వైపు తిప్పించి, పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోనిచ్చాం. ఆమె ఏమీ అడగకుండా ముందు సూది వేసింది. వాడి ఊపిరి కుదుటపడ్డాక చేతులు కడుక్కుంటూ అడిగింది.

"పొద్దుట్నుంచి ఏం తిన్నాడు?"

"ఏమీ తినలేదమ్మా" అంది మా అత్త. "కార్తీక సోమారం. ఇంట్లో పొయ్యే ముట్టించలేదు. ఇన్ని పాలు తాగినాడు, అంతే."

"పాలు రోజూ తాగుతాడు కదా? ఇంకేమైనా పెట్టారా?"

"లేదమ్మా."

డాక్టరమ్మ నావైపు చూసింది. నేనూ లేదనే తల ఊపాను. మేము అబద్ధం చెప్పలేదు. మా ఇళ్ళలో ప్రసాదాన్ని తిండి కింద జమకట్టరు. ఉపవాసం ఉన్నవాళ్ళకూ, పథ్యం తినేవాళ్ళకూ కూడా దానికి అడ్డు లేదు. డాక్టరమ్మ మళ్ళీ అడిగేసరికి మా అత్తకు విసుగొచ్చింది.

"ప్రసాదం తప్ప ఏమీ ముట్టలేదని చెప్తా ఉండాను కదమ్మా!"

"ఏం ప్రసాదం?"

మా అత్త ఇంట్లోవాళ్ళ కోసం కొంగున ముడివేసి తెచ్చిన చెనక్కాయలు ఉన్నాయి. ముడి విప్పి వాటిని బల్ల మీద పెట్టింది.

వాడు కోలుకున్నాక డాక్టరమ్మ మమ్మల్ని మళ్ళీ రమ్మంది. సూదిమొనతో వాడి చేతిమీద సన్నగా గీరి, చెనక్కాయ నూరిన నీళ్ళ చుక్క వేసింది. ఆ పక్కనే ఇంకో గీత మీద ఉత్త నీళ్ళ చుక్క. ఉత్త నీళ్ళ చోట ఏమీ కాలేదు. చెనక్కాయ నీళ్ళ చోట చిక్కుడుగింజంత దద్దు లేచింది. అలర్జీ అని దానికో పేరు చెప్పింది. మాన్పే మందు లేదంది. ఆ గింజ వాడి నోట పడకుండా చూసుకోవాలి, పడితే క్షణం ఆలోచించకుండా తీసుకురావాలి. పెద్దయితే పోతుందా అంటే, చెప్పలేనంది.

తిరిగి వచ్చేటప్పుడు మా అత్త, "సామికి కోపమేమీ లేదమ్మీ. పోయినేడూ, ఈ ఏడూ నా చేత్తో నేనే పెట్టుకుంటా వచ్చినాను" అంది.

అప్పటినుంచి మా ఇంట్లో నూనె మారింది, రోలు మారింది. పుట్నాల చట్నీ తప్ప వేరే చట్నీ లేదు. పేటలో ముద్దొచ్చే పిల్లవాడు కనబడితే జేబులో గుప్పెడు వేయించిన చెనక్కాయలు పోయడం పెద్దవాళ్ళకు అలవాటు. అందుకని మా అత్త వాడి చొక్కాల జేబులన్నీ సూదీదారంతో కుట్టేసింది. పెళ్ళిళ్ళలో వంటశాలలోకి నేరుగా పోయి ఏ నూనె, పొడిలో ఏమేసినారు అని అడిగేది. "ఊర్లో లేని పిల్లోడా మీవాడు?" అని వంటవాళ్ళు కసిరినా కదిలేది కాదు. "సిగ్గుపడితే మర్యాద మిగులుతాది, మనవడు మిగలడు" అనేది. వాడు చెవుల వెనక గోక్కున్నా, మాట కొంచెం బొంగురుపోయినా అందరికన్నా ముందు ఆమెకే తెలిసేది.

కాడుగోడిలో సేద్యగాళ్ళ ఇంటికి ఇచ్చిన మా ఆడబిడ్డకు ఇదంతా చాదస్తంగా ఉండేది. "కొంచెం కొంచెం పెడితే అలవాటైపోతాది, సుమ్నే ఊరికే భయపడతారు" అనేది. ఒక పండుగకు వచ్చి, నువ్వుల ఉండలో చిటికెడు చెనక్కాయ పొడి కలిపి వాడికి పెట్టేసింది. పక్క గదిలో ఉన్న మా అత్త వాడి దగ్గు విని పరుగెత్తి వచ్చింది. చెప్పులైనా వేసుకోకుండా వాణ్ణి ఎత్తుకుని జట్కా కోసం వీధిలోకి ఉరికింది. మళ్ళీ సూది పడింది, మళ్ళీ బతికాడు. కూతురు ఏడుస్తుంటే, "నేనూ ప్రేమతోనే పెట్టినానే అప్పుడు. వాడి ఒంటికి మన ప్రేమ తెలుస్తాదా?" అని మాత్రం అంది.

ఇట్లా ఏళ్ళ తరబడి కావలి కాయడం ఎంత బరువో పడినవాళ్ళకే తెలుస్తుంది. ఒకరోజు పొరుగింటివాళ్ళు ఇచ్చిన పలహారం పారబోసి, వాళ్ళతో మాట పడి వచ్చి, నావల్ల కాదని వంటింట్లో కూలబడ్డాను. మా అత్త నా చేతిలో గరిటె తీసుకుంది. "బేజారైతే పండుకో అమ్మీ. ఈ పొద్దు నేను చూస్తాను. ఇద్దరమూ ఒకేసారి అలిసిపోకుంటే సాకు, అదే చాలు" అంది. ఆ మధ్యాహ్నం నేను నిద్రపోయాను. వాడు పుట్టినాక పగటిపూట అంత నిశ్చింతగా పడుకున్నది అదే మొదలు.

పదకొండో దినం, పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టాలి. మా ఆడబిడ్డ, "అమ్మకి చెనక్కాయలంటే ప్రాణం" అంది. వెంటనే నాలుక కరుచుకుని, "వద్దులే, వద్దులే" అంది. ఆమె చెప్పింది నిజమే. డాక్టరమ్మ దగ్గర కొంగుముడి విప్పిన నాటినుంచి మా అత్త ఒక్క గింజ నోట వేసుకోలేదు. పెట్టాలా వద్దా అని ఆలోచించే ఓపిక కూడా లేదు నాకు.

తలుపు దగ్గర నిలబడి అంతా విన్న నా కొడుకు, "అవ్వకి పెట్టండి. నేను ఎదురింటి అరుగు మీద కూర్చుంటాను" అని వీధి దాటి వెళ్ళిపోయాడు.

పెరట్లో పొయ్యి పెట్టి వేయించాం. పొట్టు తీసి, బెల్లంముక్క పెట్టి, మిద్దె మీద ఆకు వేశాం. నేను పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. కాకి చాలాసేపటికి వచ్చింది. ఒక్కొక్క గింజా ఏరుకుని తినసాగింది. కింద వాడు మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని, తల పైకెత్తి అడిగాడు.

"అమ్మా, అవ్వ తినేసిందా? నేను రావచ్చునా?"

"ఇంకా లేదు నాయనా" అన్నాను. "నిదానంగా తిననీ."

వాడు సరేనని తల ఊపి, అరుగు మీద ఇంకొంచెం వెనక్కి జరిగి కూర్చున్నాడు.