ఏడ్వడానికి ఒక మెడ

జనగామలో ఒక హాలు ఉంది. దాని గోడకు నీలం రంగు బోర్డు, బోర్డు మీద “కళలు, సంస్కృతి, అభ్యాసం: అందరికీ ఆహ్వానం” అన్న అక్షరాలు. ఆ “అందరికీ” అన్న మాట మీద నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

మాది నర్సింహులపేట మండలంలో ఒక తండా. నేను జనగామలో ఒక ఆఫీసులో పని చేస్తాను. బాపు చనిపోయాక యాడిని నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా లంబాడీ భాషలో యాడి అంటే అమ్మ, బాపు అంటే నాన్న. పై అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు. నేను ఆఫీసుకు పోతే సాయంత్రం దాకా ఆమెతో మాట్లాడే మనిషి లేదు. తెలుగు వస్తుంది కానీ అది కూలి మాట్లాడుకునేంత, అంగట్లో బేరం చేసేంత. కష్టం చెప్పుకోవడానికి ఆ తెలుగు సరిపోదు. మొదట్లో గిన్నెలతో మాట్లాడేది. తర్వాత అదీ మానేసింది. చలికాలం వచ్చేసరికి ఏమడిగినా తల ఊపడమే. డాక్టరుకు చూపించాను. “రోగమేం లేదు, నలుగురిలో తిప్పండి” అన్నాడు. అన్నంతసేపూ ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. అదీ గుర్తుంది నాకు.

ఆ నలుగురు ఎక్కడున్నారో వెతకడం మొదలుపెట్టాను.

మొదట లైబ్రరీకి తీసుకుపోయాను. ఆదివారం అక్కడ కథలు చదివి వినిపిస్తారని ఎవరో చెప్పారు. బల్ల దగ్గరి మనిషి యాడిని కిందినుంచి మీదికి చూశాడు.

“అవ్వకు చదువొస్తదా?”

“రాదు. వింటది.”

“చదువురానోళ్లకు లైబ్రరీల ఏం పనమ్మా?”

“చదువొచ్చినోళ్లు ఇంట్ల చదువుకుంటరు గదన్నా, వినిపిచ్చుడు ఎవలకు మరి?”

“వినిపిచ్చుడు పిల్లలకు” అని పేపరు మడిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత మా కాలనీ గుడి దగ్గర కోలాటం. సాయంత్రాలు ఆడవాళ్లంతా చేరి చిల్పూరు గుట్ట మీది గుడి ఉత్సవాల్లో ఆడడానికి నేర్చుకుంటున్నారు. కోలలు పట్టుకోవడానికి చేతులు చాచిన యాడితో ఆ బృందం పెద్దక్క, “అవ్వా, నువ్వు జర చెప్పుల కాడ కూసో, కుక్కలు ఎత్కపోతున్నయ్” అంది. నేను కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి యాడి చెప్పుల మధ్య బుద్ధిగా కూర్చుని ఉంది. ఇంటికి వచ్చాక, “మంచిగనే ఆడిన్రు” అంది. ఆమెకు కోపం రాలేదు. నాకు వచ్చింది. ఆ పెద్దక్క ఇప్పటికీ అంగట్లో నవ్వుతూ పలకరిస్తుంది. నేను వంకాయలు ఏరుకుంటూ ఉంటాను.

నేను తప్పుపట్టలేని చోటు ఒక్కటే ఉంది. అది ఇత్తడి రేకు మీద బొమ్మలు కొట్టడం నేర్పే తరగతి. ఆ నీలం బోర్డు హాల్లోనే, వెనక గదిలో జరిగేది. నేర్పే ఆయన యాడి చేతికి చిన్న సుత్తి ఇచ్చి, తన పక్కన చాప చూపించాడు. యాడి రేకు మీద చుక్కల వరస కొట్టింది. మా రవికల మీద కుట్టే చుక్కల వరసే అది. తర్వాతి వారం ఆయన ఆ చాప మీద ఎవరినీ కూర్చోనివ్వకుండా ఉంచాడు. కొన్నాళ్లు వెళ్లాక యాడే వద్దంది.

“చేతులకు పని దొరికింది బిడ్డా. నోటికి దొరకలే.”

మేం మా భాషలోనే మాట్లాడుకుంటాం. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

ఆ హాలు గోడకే ఒక కాగితం కనిపించింది. ప్రతి నెలా రెండో ఆదివారం పాత పాటల సభ, మీ ఇంటి పెద్దలను తీసుకురండి అని ఉంది. ఇంటికి వచ్చి చెప్తే యాడి చాలా రోజులకు కళ్లెత్తి నన్ను చూసింది.

“ఆడోళ్లు వస్తరా?”

“నిండ వస్తరు.”

“అయితే పోదాం.”

ఆ ప్రశ్న ఎందుకో నాకు తెలుసు. మాలో ఆడవాళ్లు చాలా కాలానికి కలుసుకుంటే ఒకరి మెడ మీద ఒకరు చేతులేసి ఏడుస్తారు. ఊరికే ఏడవడం కాదు. దానికి రాగం ఉంటుంది, వరస ఉంటుంది. ఒకామె తనకు జరిగినదంతా చెప్పుకుంటుంది. ఎవరు పోయారు, ఏ ఎద్దును అమ్ముకున్నారు, ఏ బిడ్డ బతికింది అని. రెండో ఆమె విని, తన వంతు వచ్చాక తనది చెప్పుకుంటుంది. అయిపోయాక కళ్లు తుడుచుకుని, నీళ్లు తాగి, నవ్వుకుంటారు. పెళ్లి కూతురికి కూడా అత్తగారింటికి పోయే ముందు పెద్దవాళ్లు ఈ ఏడుపు నేర్పుతారు. ఒక్కరే ఏడ్చేది కాదు. అందుకు ఒక మెడ కావాలి. యాడికి అక్కచెల్లెళ్లు ఎవరూ మిగల్లేదు. బాపు పోయిన సంగతి ఆమె ఇంకా ఎవరి మెడ మీదా చెప్పుకోలేదు.

సభ నడిపే మేడం సంగీతం టీచరుగా చేసి రిటైరైన మనిషి. పాడేవాళ్లలో యాడి పేరు రాయించి నా నంబరిచ్చి వచ్చాను, సభకు ముందు రోజు ఫోను చేసింది.

“మీ అమ్మగారిని ఆ అద్దాల లంగా, చేతుల నిండా గాజులు, అవన్నీ వేసుకుని రమ్మనండి. స్టేజి మీద బాగుంటుంది.”

“మొగడు పోయినంక మాలో అవి తీసేస్తారు మేడం.”

“ఒక్క రోజుకే కదమ్మా.”

ఈ మాట నేను చచ్చేదాకా మరచిపోను.

మేం వెళ్లేసరికి ఏదో స్కూలు డాన్సుకు కుట్టించిన లంగా ఒకటి సిద్ధంగా ఉంది, ప్లాస్టిక్ అద్దాలతో. “నీకే అవ్వా, ఫొటోకు” అని యాడి చేతిలో పెట్టారు. యాడి దాన్ని విప్పి చూసి, మళ్లీ మడతలు పెట్టి ఇచ్చేసి, తన పాత నూలు చీరతోనే మెట్లెక్కింది.

మైకు ముందు నిలబడి హాలంతా చూసింది. ముందు వరసల్లో అందరూ ఆడవాళ్లే. రెండు చేతులూ చాచి మొదటి పిలుపు అందుకుంది. మా పిలుపు పొడుగ్గా ఉంటుంది, ఊరి చివరి దాకా వినిపించాలి కనుక. ముందు వరసలో ఒకామె పక్కామెను చూసింది. “ఏంది, ఏడుస్తుందా?” అని ఎవరో అన్నారు. ఎవరో నవ్వారు. మేడం గబగబా స్టేజి ఎక్కి మైకు అందుకుంది.

“అవ్వా, శుభమా అని సభ పెట్టుకున్నాం. ఏడుపు పాట వద్దు. సంతోషంగా ఉండేది ఒకటి పాడు.”

యాడికి ఆ తెలుగు అందలేదు. చేతులు చాచే ఉన్నాయి. కాసేపు చూసింది, ఎవరైనా లేచి వస్తారేమోనని. ఈలోగా స్పీకర్లలో డాన్సు పాట మొదలైంది. మా దుస్తులు వేసుకున్న కాలనీ పిల్లలు ఎగురుతూ వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డారు. “ఆమె పాట కాలే!” అని నేను కింది నుంచి అరిచాను. “టైం లేదమ్మా, వచ్చే నెల చూద్దాం” అన్నారు.

నడిచి వస్తుంటే బస్టాండు దగ్గర యాడి కూర్చుంటానంది. లోపల బెంచీ మీద కూర్చోబెట్టాను. అప్పుడు వెనక నుంచి “బాయీ! బాయీ!” అని పిలుపు. బాయి అంటే అక్క. యాడి ఈడు మనిషే, చేతిలో సంచీతో పరుగు లాంటి నడకతో వచ్చింది. భూపాలపల్లి దగ్గరి తండా ఆమెది. జనగామలో ఉన్న కూతురింటికి వచ్చి, తిరిగి ఊరికి పోతూ మనవరాలి డాన్సు చూడడానికి సభకు వచ్చిందట. చివరి వరసలో కూర్చుందట.

“గా హాల్ల లేవనీకి సిగ్గయింది బాయీ” అంది.

“బస్టాండ్ల సిగ్గు లేదా మరి?” అంది యాడి.

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడుపు అందుకున్నారు.

యాడి బాపు సంగతి చెప్పింది. నాకు తెలియనివి కూడా చెప్పింది. తర్వాత ఆమె చెప్పింది. జనం మూగారు. పల్లీలు అమ్మే ఆయన నన్ను మెల్లగా పక్కకు పిలిచాడు.

“ఎవలు సచ్చిపోయిన్రు చెల్లె?”

“ఎవలూ సావలేదన్నా. కలుసుకున్నరు.”

“ఎన్నేండ్లకు కలిసిన్రు?”

“ఇదే మొదటిసారి.”

ఆయన నన్ను అనుమానంగా చూసి, “కలిసినందుకే గింతగనమా! మా ఇంటామె నేను మూడ్రోజులకు ఇంటికి పోయినా ఎటుపోయినవని అడగది” అన్నాడు.

ఆమె ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ మొహాలు కడుక్కుని చాయ్ తాగారు. ఆ సాయంత్రం యాడి ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉంది. ఏ కూర వండాలో కూడా తనే చెప్పింది.

నేను మాత్రం ఆ హాలును వదలదలచుకోలేదు. యాడిని ఎక్కడ ఆపారో అక్కడే వాళ్లు ఆమెను వినాలి. భూపాలపల్లి ఆమెను కూడా పిలిపించాలి. ఇద్దరూ అదే స్టేజి మీద మొదటి నుంచి చివరి దాకా ఏడవాలి, నేర్చుకుంటామన్న ఆడపిల్లలకు నేర్పాలి. ఇదే రాసి అర్జీ పెట్టాను. వచ్చే నెల అన్నారు. వచ్చే నెల పోటీలున్నాయన్నారు. ఆ తర్వాత హాలుకు రంగులు వేస్తున్నామన్నారు. ఆ తర్వాత ఎవరో పెద్ద మనిషి వస్తున్నాడన్నారు. ప్రతిసారీ వెళ్లాను. వాళ్ల పైవాళ్లకు కూడా ఫిర్యాదు చేశాను.

“భూపాలపల్లికే పోదాం బిడ్డా” అనేది యాడి.

“ముందు గిది తేలనీ.”

“గా హాలోళ్లతోని నీ పంచాయితీ ఎప్పుడు ఒడుస్తది?”

“అప్పటిదాక ఫోన్ల మాట్లాడు.”

“ఫోనుకు మెడ ఉంటదా?”

చివరికి అరగంట ఇస్తామన్నారు. భూపాలపల్లి ఆమె ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే కలవలేదు. వెళ్లి వెంటబెట్టుకుని వద్దామని యాడితో బయల్దేరాను. హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా భూపాలపల్లి. బొగ్గు గని కోసం ఖాళీ చేయించిన తండాల వాళ్లకు ఇళ్లు ఇచ్చిన కాలనీ అది. అన్నీ ఒకేలా ఉన్న ఇళ్లు. అడుగుతూ అడుగుతూ వెళ్లాం. గల్లీ మొదట్లోనే యాడి చేతులు చాచి పిలుపు అందుకుంది, మా పద్ధతి ప్రకారం, దూరం నుంచే.

ఆ ఇంటి కోడలు తడి చేతులతో బయటికి వచ్చింది.

“అవ్వ లేదమ్మా. దసరాకు ముందే పోయింది. ఆమె ఫోను అప్పటిసంది బందే ఉన్నది.”

యాడి చేతులు అట్లాగే ఉన్నాయి. ఆ చేతులను అట్లా చూడడం నాకది రెండోసారి. అయితే ఈసారి ఆమె ఆపలేదు. నడుచుకుంటూ వెళ్లి కోడలి మెడ చుట్టూ చేతులేసింది. ఆ పిల్ల హాస్టళ్లలో పెరిగిందట. ఏడవడం రాక బిగుసుకుపోయి నిలబడింది. యాడి తన వంతు ఏడ్చింది. జవాబు కోసం ఆగింది. జవాబు రాలేదు. అప్పుడు, చనిపోయిన ఆమె వంతు కూడా తనే అందుకుంది.

బస్టాండులో ఆమె చెప్పుకున్న మాటలే అవన్నీ. మా తండా మీద బొగ్గు మట్టి పోసిండ్రు బాయీ, నా ఇంటి ముందటి చెట్టు ఏ దిక్కున ఉండెనో నాకిప్పుడు తెలువదు. పేరు పెట్టకముందే పోయిన నా తొలిచూరు ఆడబిడ్డను ఆ చెట్టు కిందనే పెట్టుకుంటి, దాని మీద కూడ మట్టి పోసిండ్రు బాయీ.

పోయినామె కొడుకు లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడిపోయాడు.

“మాకొక అక్క ఉండెనా?” అన్నాడు.



వాళ్లు అన్నం పెట్టారు. తిన్నాం. తిరుగు బస్సులో యాడి కిటికీ పక్కన కూర్చుంది.  ఆ మేడం నెలల తరబడి తిప్పకపోతే, ఆ రోజు మైకు లాక్కోకపోతే అని మొదలుపెట్టాను. చెప్పుల కాపలా పెట్టిన పెద్దక్క, పేపరు అడ్డం పెట్టుకున్న లైబ్రరీ మనిషి, ఫోను చూసుకున్న డాక్టరు, ఒక్కరినీ వదల్లేదు. యాడి అంతా విన్నది.

“గవన్ని కోపాలు బిడ్డా. దుఃఖం చెప్పు.”

“రెండూ ఒకటే.”

“కాదు.”

నా దుఃఖం ఏదో వెతుక్కున్నాను. బాపు పోయిన రోజు గుర్తొచ్చింది. దవాఖానలో మమ్మల్ని చూసి “తండా వాళ్లకు లైను తెలియదు” అన్నాడొకడు. నేను ఆ కౌంటరు దగ్గర వాడితో కొట్లాడుతున్నాను. పైకి వచ్చేసరికి బాపు మొహం మీద గుడ్డ కప్పారు. తర్వాత అంబులెన్సు అతనితో కొట్లాట. ఆ తర్వాత ఏడవడానికి చోటు దొరకలేదు.

యాడి నా వైపు తిరిగి కూర్చుంది. నా మెడ వెనక చేయి వేసింది. వరస నాకు రాదు, కానీ మొదటి పిలుపు తండాలో పుట్టిన ఏ ఆడపిల్లకైనా వస్తుంది. అది నా గొంతులోంచి వచ్చింది. ముందు సీట్ల వాళ్లు వెనక్కి తిరిగారు. యాడి తన వంతు కోసం ఆగి వింటోంది. కండక్టరు సీట్లు పట్టుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

“ఎవలు పోయిన్రమ్మా?”

“మా బాపు.”

“ఎప్పుడు?”

“యాడాది దాటింది.”

అతను ముందుకు వెళ్లి డ్రైవరు చెవిలో ఏదో చెప్పాడు. డ్రైవరు పాటలు బంద్ పెట్టాడు.