రాఖీ నాడు పోసిన అంగూర్ రసం

ఒక్క మాటను ఎన్నో ఏండ్ల సంది కడుపుల పెట్టుకొని తిరుగుతున్న. మా ఇంటాయనకు చెప్పలే, కన్నపిల్లలకు చెప్పలే. ఈ కాయితం సదివే నువ్వెవరో నాకెరుక లేదు. గందుకేనేమో, నీకు చెప్పబుద్ధయితాంది.

మేము షాద్‌నగర్ దిక్కు ఒక అంగూర్ తోటల కావలి ఉండేటోళ్లం. వాన పడితే ద్రాక్షపండ్లు పగులుతయి. పగిలినయి ఎవరు కొనరు, మాకే ఇచ్చేటోళ్లు. నేను వాటిని పిసికి, చక్కెర కలిపి, జాడీల పోసి, మూతికి గుడ్డ కట్టి మూలకు పెట్టేదాన్ని. బాగ పులిసినంక వడగడితే ఎర్రగ, తియ్యగ దిగేది. సారా లెక్క గొంతు మండదు. గందుకే దాన్ని ఎవ్వరు మందు అనేటోళ్లు కాదు, షర్బత్ అనేటోళ్లు. నేను గూడ గట్లనే అన్న. కానీ ఒకపారి గిలాసెడు తాగి, పొయ్యి కాడ కూసొని ఉత్తగనే నవ్విన, గోడ పట్టుకొని లేచిన. మరి నాకు ఎరుకలేదంటే ఎట్ల?

మా అన్న సారా తాగేటోడు. తాగి ఎవ్వరి మీద చెయ్యెత్తలే. నవ్విచ్చేటోడు, పాటలు పాడేటోడు. ఆఖరికి పెయ్యి ఖరాబైంది. ఇంక తాగితే పానం దక్కదని దవాఖానల చెప్పిండ్రు. మా వదిన బిడ్డ తలమీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టేయిచ్చింది. మానిండు. ఊరంత వదినను మెచ్చుకున్నది. నేనూ మెచ్చుకున్న, పైకి. లోపల? అన్న నవ్వుడే బందు చేసిండు. నేను పోతే "వచ్చినవా" అని గోడకు ఒరిగేటోడు, గంతే. వదిన ఆయన పానం కాపాడింది గని, నా అన్నను నాకు లేకుంట చేసిందని లోలోపల కుతకుత ఉడికేదాన్ని. థూ, ఎంత పాపిష్టి బుద్ధి!

ఆ రాఖీ పున్నం నాడు పుట్టింటికి పోయిన. వదిన తన అన్నదమ్ములకు రాఖీ కట్టెతందుకు వాళ్లూరికి పోయింది. ఇంట్ల అన్న ఒక్కడే. రాఖీ కట్టిన, బొట్టు పెట్టిన. ఇగ చెల్లె నోరు తీపి చేస్తే అన్న కాదనొద్దు, మా దిక్కు గది రివాజు. మిఠాయి సంచిలనే ఉన్నది. నేను సీసా తీసిన.

"గిదేందే?"

"అంగూర్ రసం అన్నా, నేనే చేసిన."

వాసన చూసిండు. నా మొకం దిక్కు చూసిండు.

"చెల్లే, నేను ఒట్టు పెట్టిన గదనే."

"గిది సారా కాదు, పండ్ల రసం. నా చేతితోని ఇస్తే గూడ తాగవా?"

తాగిండు. ఇంకింత పొయ్యమన్నడు, పోసిన. నవ్విండు. మా అవ్వ నడకను చేసి చూపిచ్చిండు, పాట అందుకున్నడు. నా అన్న నాకు దొరికిండని సంబురంగ బస్సెక్కిన.

పొద్దుగూకంగ అన్న సారా దుకాణం దిక్కు పోతుంటే దోస్తు యాదయ్య రెక్క పట్టుకొని ఇంటికి తెచ్చిండట. గప్పుడే వదిన వచ్చి అరుగు మీద ఇద్దర్ని చూసింది. తాపింది యాదయ్యే అనుకొని దుమ్మెత్తి పోసింది. తెల్లారి సంది అన్న మళ్ల మొదలుపెట్టిండు, ఆగలే. దవాఖానల ఆఖరి రోజులల్ల వదిన ఏడ్సుకుంట "ఎవడు తాపిండో చెప్పు" అని అడిగితే, అన్న నన్నొకసారి చూసి "ఎవలు తాపలే, నేనే తాగిన" అన్నడు. దోస్తును కాపాడుతుండని వదిన అనుకున్నది. నేను మంచం పట్టె పట్టుకొని నిలవడ్డ.

పాడె మోస్తనని యాదయ్య వస్తే వదిన ఎల్లగొట్టింది. ఆయన కందికట్టె దడి పక్కకు నిలవడి ఏడ్సిండు. నేను ఒక్క మాట అంటే అయిపోయేది. ఎందుకనలే? పుట్టింటి తొవ్వ మూసుకపోతదని. వదిన మొకం ఎట్ల చూడాల్నని. గంతేనా? ఏమో, మంచిదాన్ననిపిచ్చుకునుడు గూడ ఒక నిషానే.

ఇప్పటికీ రాఖీకి వదిన నన్ను పిలుస్తది. అన్న ఫోటోకు కట్టిపిస్తది. "నీ అన్నకు నువ్వంటే పానం. నోరు తీపి చెయ్యి" అని మిఠాయి నా చేతుల పెడుతది. యాదయ్య మాత్రం ఆ వాకిలి ముందటికెల్లి తల వంచుకొనే పోతడు.

మాఫీ అడుగుతలేను. ఎవలను అడగాలె? అన్న లేడు. వదినకు చెప్పే ధైర్నం ఇంకా రాలే. నీకు చెప్తున్న, విను. యాదయ్య తాపలే. నేను తాపిన. ఎరుకుండి తాపిన.

రాసిన. జర ఊపిరి ఆడుతాంది.