అమ్మమ్మ కడిగిన గాజుపలక

మా తాతయ్య ముప్పయ్యేళ్లు ప్రయోగశాలలో కొవ్వు అణువుల చేత బారులు తీయించాడు. నీటిమీద అవి తల ముంచి, తోక పైకెత్తి నిలబడగానే, నీళ్లలో ముంచిన గాజుపలకను చీమకన్నా మెల్లగా పైకి లాగి, ఆ ఒక్క వరుసను దానికి అంటించేవాడు. కంటికేమీ కనబడేది కాదు. అదే ఆయన గొప్ప. పదవీవిరమణ రోజున అలాంటి పలకొకటి అమ్మమ్మకు చూపించాలని ఇంటికి తెచ్చాడు. ఆయన బూట్లు విప్పేలోగా ఆవిడ దాన్ని సబ్బుపెట్టి తోమేసింది.

"నీటిచుక్క వేస్తే ఈ కొవ్వు వరుసమీద ముత్యంలా నిలుస్తుంది, చూడు!" అంటూ తాతయ్య పలకమీద చుక్క వేశాడు. నీళ్లు చాపలా పరుచుకున్నాయి.

"ఖాళీ గాజే కదండీ, కడిగాను."

"ఖాళీ ఏమిటే! నా ముప్పయ్యేళ్ల పని!"

అమ్మమ్మ నాలుక కరుచుకుంది. "మళ్ళీ చెయ్యండి, చూస్తాను. పళ్ళెముంది, నీళ్లున్నాయి. జిడ్డంటారా, మీ నుదుటిమీదే బోలెడుంది."

తాతయ్య నుదురు తడుముకుని, చొక్కా చేతులు పైకి మడిచాడు.