ఏ దారి నెత్తురో తేల్చమన్న అత్త

మా అత్తకు మడి ఎక్కువ, నాకు నోరెక్కువ. తిరుపతిలో మా ఇంట్లో ఆ రెండూ ఇరవై ఏళ్ళు కలిసి కాపురం చేశాయి.

ముట్లు ఆగిన పదేళ్ళకు ఆమె చీర మీద నెత్తుటి చుక్కలు కనిపించాయి. వెంటనే వంటింటికీ పూజకూ దూరమై వరండాలో చాప వేసుకుంది. "ఈ వయసులో ముట్టేంది అత్తా, ఆసుపత్రికి పద" అని కొట్లాడి లాక్కెళ్ళాను.

స్కాన్ చూసిన డాక్టరమ్మ గర్భసంచి బాగానే ఉందని చెప్పి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని మాత్రలు రాసింది. నేను లేచాను. అత్త లేవలేదు.

"అమ్మణ్ణీ, సంచిలోది కాకపోతే ఇది యాడ నుంచి వస్తా ఉండాది? అది తేలకుండా నేను దేవుడికి వండేదెట్లా?"

"మాత్రలు వాడండి, తగ్గుతుంది."

"తగ్గేది తర్వాత. ముందు దారి చెప్పు."

నాకు తల కొట్టేసినట్టయింది. "బయట ఇంకా పేషెంట్లు ఉండారత్తా!"

"ఉండనీ. నేనూ పేషెంటునే."

డాక్టరమ్మ నవ్వుతూ మళ్ళీ పడుకోబెట్టి చూసింది. చూశాక నవ్వలేదు. మూత్రం వచ్చే దారి అంచున కందిగింజంత కండ పెరిగి ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపారు.

వారం తర్వాత మళ్ళీ వెళ్తే క్యాన్సర్ అని తేలింది. ఆడవాళ్ళకు అక్కడ రావడం చాలా అరుదట. చిన్నదిగా ఉన్నప్పుడే దొరికింది కాబట్టి ఆపరేషన్ చేసి తీసేయొచ్చంది డాక్టరమ్మ.

నేను గోడకానుకుని ఏడ్చాను. అత్త మాత్రం డాక్టరమ్మను వదల్లేదు.

"అయితే ఇది ముట్టు కాదు కదా?"

"కాదమ్మా."

అత్త నా వైపు తిరిగింది. "విన్నావు కదా, కండ్లు తుడుచుకో. ఈ పూట నేనే వండతా. ఇన్ని దినాలు నీ వంట తిని దేవుడు చిక్కిపోయినాడు."