రొయ్యల ఐసులో ఇంజెక్షన్

వైరాలజీ అంటే నాకు ఒళ్ళుమంట. ఇప్పుడు రాజమండ్రిలో ఒక మెడికల్ కాలేజీలో అదే సబ్జెక్టు చెప్పుకుని బతుకుతున్నాను, అయినా ఆ మంట చల్లారలేదు. పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, పిల్లలు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి, ముఖ్యమైనవి చెప్పండి మేడమ్, చాలు అని నసుగుతారు. ముఖ్యమైనవంటే వాళ్ళ లెక్కలో మార్కులొచ్చేవి. ఏ వైరస్‌ది ఏ కుటుంబం, దానికి పైపొర ఉందా లేదా, లోపల ఉన్నది డీఎన్ఏనా ఆర్ఎన్ఏనా. జీతం తీసుకుంటున్నాను కాబట్టి చెప్తాను. చెప్తున్నంతసేపూ వాళ్ళని చూస్తే చిరాకు, ఒకప్పుడు నాకూ ఇలాగే చెప్పి పంపించేసిన సార్ గుర్తొస్తే ఇంకా చిరాకు.

ఆ సార్ హెపటైటిస్ బి పాఠాన్ని పావుగంటలో తేల్చేశాడు. బోర్డు మీద ఒక పట్టిక గీసి, ప్లస్సులూ మైనస్సులూ పెట్టి, ఇది ప్రతి ఏడూ అడుగుతారు, రాసుకోండి అన్నాడు. ఎక్కాలు వల్లించినట్టు హాస్టల్లో అందరం వల్లించాం. ఆ ప్లస్సు ఒక ఆడపిల్ల రక్తంలో కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరెవరు ఏమేం మాట్లాడతారో ఆయన చెప్పలేదు. అది నాకు మా అక్క కాన్పప్పుడు తెలిసింది.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. అక్కని మా మేనత్త కొడుక్కే ఇచ్చారు. బావది రొయ్యల వ్యాపారం. చెరువుల దగ్గర సరుకు కొని, ఐసులో సర్ది, లారీలకెక్కిస్తాడు. తొలి కాన్పు కాబట్టి ఏడో నెలలో అక్కని పుట్టింటికి తీసుకొచ్చారు. దగ్గర్లో ఉన్న ఇంకో చిన్న టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌లో చూపిస్తే, రక్తపరీక్షలో హెపటైటిస్ బి ఉందని తేలింది. డాక్టరమ్మ కంగారు పెట్టకుండానే చెప్పింది. అక్క లివర్ బాగానే ఉందట. భయమల్లా పుట్టబోయే బిడ్డ గురించే. పుట్టిన పన్నెండు గంటల్లోపు ఒక తొడకి వ్యాక్సిన్, రెండో తొడకి ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ పడాలి. పడకపోతే వైరస్ బిడ్డ ఒంట్లో జన్మంతా ఉండిపోయి, పెద్దయ్యాక లివర్ పాడయ్యే ప్రమాదం ఉంది. వ్యాక్సిన్ తన దగ్గరుందనీ, రెండోది మాత్రం మేమే తెచ్చుకోవాలనీ అంది.

ఇంట్లో అందర్నీ పరీక్ష చేయించుకోమంది. నాకు కాలేజీలో చేరినప్పుడే టీకాలు పడ్డాయి, నాకేం లేదు. నాన్నకీ లేదు. అమ్మకి ఉంది. అక్క పుట్టినప్పుడే అమ్మ నుంచి వచ్చి ఉంటుందని డాక్టరమ్మ అంది. అమ్మకి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ బతికిలేరు. ఆ మాట విన్నాక అమ్మ ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద చాలాసేపు కూర్చుంది. తర్వాత నన్ను పిలిచి ఒకటే చెప్పింది. అత్తకి తెలియకూడదు. బావకి చెప్పినా అత్తకి చెప్పినట్టే కాబట్టి బావకీ తెలియకూడదు. నేను వాదించాను. అమ్మ వినలేదు, అక్క అమ్మ వైపే ఉంది.

అత్త మా నాన్నకి అక్క. ఆవిడ మా ఇంటికొస్తే ముందు వంటింట్లోకెళ్ళి గిన్నెల మీద మూతలు తీసి చూసేది. మా ఇంట్లో ఏ పని చెడినా అది అమ్మ పుట్టింటివాళ్ళ వల్లేనని తేల్చేది. నాన్న అదంతా విని పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. నాకావిడంటే చిన్నప్పట్నుంచీ పడదు, ఇప్పటికీ పడదు. ఆవిడలో మంచి కూడా ఉందని రాసి పెద్దమనిషి అనిపించుకోవాలని నాకేం లేదు.

ఆపరేషన్‌కి ముహూర్తం పెట్టించింది ఆవిడే. మా వైపు ఇది మామూలైపోయింది. కడుపు కొయ్యాల్సిన వేళ పంచాంగం చూసి చెబుతారు, డాక్టర్లు సరేనంటారు. తీరా చూస్తే ఆ రోజు ఉదయమే రాజమండ్రిలో, నేను చదివే కాలేజీలో నాకు మైక్రోబయాలజీ వైవా. ఇంజెక్షన్ రాజమండ్రిలో ఒక మందుల షాపులో చెప్పి ఉంచాను, ఫ్రిజ్‌లో పెట్టి ఉంచారు. నేను కదలడానికి వీల్లేదు. సరుకు పని మీద రాజమండ్రి వచ్చిన బావకి ఫోన్ చేసి, బిడ్డకి కామెర్లు రాకుండా వేసే ఇంజెక్షన్ అనీ, చల్లగా ఉంచి తీసుకెళ్ళమనీ చెప్పాను. అంతకంటే చెప్పడానికి అమ్మ ఒప్పుకోలేదు.

వైవాకి వచ్చిన ఎగ్జామినర్ నన్ను హెపటైటిస్ బి గురించే అడిగాడు. వైరస్ ఆకారం అడిగాడు, దాని డీఎన్ఏ ఎన్ని పోగులో అడిగాడు, పట్టిక మొత్తం అప్పజెప్పించుకున్నాడు. అప్పజెప్పాను. తల్లికి ఉంటే బిడ్డకి ఏం చేయాలని ఆయన అడగలేదు. నవ్వి, గుడ్, వెళ్ళమ్మా అన్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. అలాగే పరిగెత్తి బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది. ముహూర్తానికి సరిగ్గా తీశారని అత్త వరండాలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతోంది. సిస్టర్ వ్యాక్సిన్ వేసేసింది, రెండో దాని కోసం చూస్తోంది. బావ అప్పుడే కారు దిగి, ఒక థర్మాకోల్ పెట్టె రెండు చేతులతో పట్టుకుని లోపలికొచ్చాడు. రొయ్యలు సర్దే పెట్టె. షాపువాడిచ్చిన బుల్లి డబ్బా ఏమైందని అడిగాను. అది ఒక పూట కూడా ఆగదని దాన్ని పారేశాడట. దారిలో తెలిసిన ఐసు ఫ్యాక్టరీలో ఐసు కొట్టించి, మధ్యమధ్య ఉప్పు జల్లి, సీసాని కవర్లో చుట్టి నడిమధ్య పెట్టించాడట. ఇలా సర్దిన సరుకు మద్రాసు దాకా వెళ్ళినా వాసన రాదని గర్వంగా చెప్పాడు.

ఐసు తోడి సీసా బయటికి తీశాను. లోపల మందు రాయిలా గడ్డకట్టి ఉంది.

ఈ మందుని చల్లగా ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. గడ్డకడితే చెడిపోతుంది, కరిగించినా పనికిరాదు. ఆ సంగతి అట్టపెట్టె మీద అచ్చువేసి ఉంటుంది, కానీ చల్లదనం ఎంత ఎక్కువైతే సరుకు అంత భద్రమన్నది బావకి పుట్టుకతో వచ్చిన చదువు. కాసేపు ఎండలో పెడితే కరుగుతుందిగా అన్నాడు. అత్త వెంటనే అందుకుని, వాడు అంత కష్టపడి తెస్తే వంకలు పెడుతున్నావేంటి, వేసెయ్యండి సిస్టర్ అంది. సిస్టర్ చెయ్యి చాచింది. నేను సీసా గుప్పిట్లో బిగించి ఇవ్వనన్నాను. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇది పారేయండి అంది.

పొద్దుగూకేలోపు ఇంకో సీసా కావాలి. రాజమండ్రి షాపులో ఉన్నది అదొక్కటే. డాక్టరమ్మ నాలుగైదు చోట్లకి ఫోన్లు చేస్తే, చివరికి భీమవరంలో ఒక పెద్ద ఆస్పత్రిలో ఒకటుందన్నారు. వాళ్ళ సొంత పేషెంట్ల కోసం దాచుకున్నది. తల్లి రిపోర్టు పట్టుకుని బిడ్డ తండ్రే వచ్చి సంతకం పెడితే ఇస్తామన్నారు.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. వద్దన్నట్టు తల ఊపింది. ఆ క్షణంలో అమ్మ మీద వచ్చినంత కోపం నాకు అత్త మీద కూడా ఎప్పుడూ రాలేదు. చెయ్యి విడిపించుకుని, వరండాలో అందరి ముందూ బావకి చెప్పేశాను. అక్క రక్తంలో హెపటైటిస్ బి ఉందనీ, ఈ రెండో ఇంజెక్షన్ పడకపోతే పిల్లకి అది జన్మంతా ఉండిపోవచ్చనీ, నువ్వొచ్చి సంతకం పెడితేనే ఇస్తారనీ చెప్పాను.

బావ నోరు తెరిచేలోగా అత్త అందుకుంది.

"ఎక్కడ తిరిగి తెచ్చుకుందో ముందు దాన్ని అడగండి. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బానే ఉందిగా."

లోపల మంచం మీద అక్క ఇంకా మత్తులోనే ఉంది. వినపడలేదని అప్పుడు అనుకున్నాను, వినపడిందని తర్వాత తెలిసింది. నాన్న కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తున్నాడు. ఆయన చేతిలో ఆవేళ పేపర్ లేదు, అంతే తేడా. నేను అత్త మీదకి వెళ్ళబోతుంటే అమ్మ అడ్డం వచ్చింది. అమ్మ అత్త ముందు గొంతెత్తడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడూ ఎత్తలేదు, మామూలుగానే మాట్లాడింది.

"అది ఎక్కడా తిరగలేదు వదినా. దాన్ని కన్నప్పుడు నేనిచ్చాను. నాకూ ఉంది. అనేదేదో నన్ను అనండి, ముందు పిల్ల సంగతి చూడండి."

అత్త రెండడుగులు వెనక్కి జరిగింది. ఏళ్ళ తరబడి అమ్మ చేతి వంట తిని వేళ్ళు నాక్కున్న మనిషి, అప్పుడే చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. బావ మాత్రం నా వైపు తిరిగి, ఎంత టైముంది అని అడిగాడు. సాయంత్రం దాకా ఉందన్నాను. భీమవరం సందుల్లో కారు కంటే బండే నయమని ఎవరిదో మోటార్‌సైకిల్ అడిగి తీసుకున్నాడు. నేను వెనక కూర్చున్నాను. అక్కడ బావ అక్క రిపోర్టు చూపించి సంతకం పెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు ఇంజెక్షన్ డబ్బా నేనే ఒళ్ళో పట్టుకున్నాను, ఐసు కోసం ఎక్కడా ఆగనివ్వలేదు. వెలుతురుండగానే పిల్ల రెండో తొడకి సూది పడింది. పిల్ల కెవ్వుమంది. డాక్టరమ్మ నిక్షేపంగా పాలివ్వొచ్చని చెబితే, అక్క గోడ వైపు తిరిగి పాలిచ్చింది.

ఆ తర్వాత నేను ఊహించినట్టే జరిగింది. అక్కని అత్తారింటికి తీసుకెళ్ళారు గానీ, అక్కడ అక్కకి కంచం వేరు, గ్లాసు వేరు. పండగలకీ భోజనాలకీ ఓ మూల పేపర్ విస్తరి. కలిసి తింటే, ఒకే గ్లాసుతో తాగితే ఇది రాదని నేను ఫోన్లో అత్తకి చెప్పాను, పుస్తకంలో ఉన్నది చదివి వినిపించాను. నీ చదువు నీ దగ్గరే ఉంచుకో అంది. నోరు విప్పినందుకు అక్క కూడా కొన్ని నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అందరి ముందూ ఎందుకు, బావని పక్కకి పిలిచి చెప్పొచ్చుగా అని ఒక్కసారి మాత్రం అడిగింది. పక్కకి పిలిచే తీరిక ఎక్కడుందని కసిరాను. మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ అలాగే చెబుతాను.

పిల్లకి ఏడాది నిండేముందు రక్తపరీక్ష చేయించారు. వైరస్ లేదు, టీకా బాగా పట్టింది. పుట్టినరోజు భోజనాలకి మేమంతా అత్తావాళ్ళింటికి వెళ్ళాం. అత్త పిల్లని ఎత్తుకుని, ముహూర్తం గట్టిది కాబట్టే నా మనవరాలికి ఏమీ అంటలేదని వచ్చినవాళ్ళకి చెప్పుకుంటోంది. వడ్డన మొదలైంది. అందరికీ స్టీలు కంచాలు పెట్టారు, అక్కకి గుమ్మం పక్కన పేపర్ విస్తరి వేశారు. పిల్ల అత్త ఒళ్ళోంచి జారి, పాక్కుంటూ వెళ్ళి, అక్క విస్తట్లో చెయ్యి పెట్టి పప్పన్నం నోట్లో కుక్కుకుంది. అత్త లేచి పిల్లని లాగబోయింది.

అమ్మ అత్త చెయ్యి పట్టుకుంది.

"ఏడాది నుంచీ దాని పాలు తాగి, దాని ఒళ్ళో పడుకుని, దాని చేతి ముద్ద తింటోంది వదినా. పిల్లకి రానిది మీకెలా వస్తుంది?"

అత్త బావకేసి చూసింది. బావ తల దించుకుని అన్నం కలుపుకుంటున్నాడు. అక్కే లేచింది. విస్తరి మడిచి బయట పారేసి, చెయ్యి కడుక్కుని, వంటింట్లోకెళ్ళి అందరి కంచాల్లోంచి ఒకటి తెచ్చుకుంది. అత్త కంచం పక్కన ఖాళీగా ఉన్న చోట కూర్చుని, వడ్డించమని కంచం ముందుకి జరిపింది.