గుమ్మానికి కట్టిన ఎర్ర కంకులు

పదవీ విరమణకు పద్నాలుగు నెలల ముందు, ఒక ఏప్రిల్ నెలలో, నన్ను బాన్సువాడ మండల వ్యవసాయ అధికారిగా బదిలీ చేశారు. అప్పటిదాకా మద్నూరు వైపు సోయా, కంది, పత్తి చేలల్లో తిరిగినదాన్ని. ఇక్కడ కాలువ నీళ్ళు, ఎటు చూసినా వరి. పదవీ విరమణకు దగ్గరపడిన అధికారిని సాధారణంగా ఎవరూ కదిలించరు. నన్నెందుకు కదిలించారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. నా నోటి దురుసు గురించి డివిజన్‌లో కొన్ని కథలు ప్రచారంలో ఉండేవి. వాటిలో సగం నిజమే.

మండల వ్యవసాయ అధికారి అంటే ఎరువుల దుకాణాలు తనిఖీ చేయడం, ఏ రైతు ఏ పంట వేశాడో నమోదు చేయించడం అని చాలామందికి తెలుసు. విత్తన క్షేత్రాల పర్యవేక్షణ కూడా మా పనేనని తక్కువ మందికి తెలుసు. విత్తన క్షేత్రంలో పండేది తినడానికి కాదు, మరుసటి ఏడు ఇతర రైతులు విత్తుకోవడానికి. దానికి ముద్ర వేసిన సంచిలో వచ్చిన విత్తనమే వాడాలి. వేరే రకం గింజలు కలిసి మొలిస్తే ఆ పరాయి మొక్కలను కేళీలంటారు. కంకి తీసే వేళకు రైతు చేలోకి దిగి వాటిని ఒక్కొక్కటిగా పీకేయాలి. కేళీలు మితి మీరితే ఆ పొలం ధాన్యాన్ని విత్తనంగా తీసుకోరు.

నా మండలంలో ఈ పని అందరికంటే శ్రద్ధగా చేసే రైతు గంగారెడ్డి. కేళీలు ఏరడానికి దిగితే అన్నం సంగతి మరిచిపోయే మనిషని వచ్చిన కొత్తలోనే విన్నాను. ఆ జూన్‌లో అతని క్షేత్రం నమోదు కాగితాల మీద సంతకాలు చేయించుకోవడానికి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. నారుమడి పోసి అప్పటికి ఆరు రోజులైంది. దారిలో ఆగి చూశాను. నారు పలచని ఆకుపచ్చలో చక్కగా లేస్తోంది.

ఇంటి గుమ్మానికి వరి కంకుల కుచ్చు వేలాడుతోంది. కోతలప్పుడు పిచ్చుకల కోసం ఇట్లా కుచ్చు కట్టడం ఆ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఉన్నదే. రెండు పిచ్చుకలు దాన్ని పట్టుకుని ఊగుతున్నాయి. నేను చెప్పులు విప్పుతూ తలెత్తి, అట్లాగే నిలబడిపోయాను. ఆ కంకులు ఎర్రగా ఉన్నాయి. ఒక్కో గింజకు వేలెడు పొడవు మీసాలున్నాయి. ఈ ఆయకట్టులో అటువంటి వరి ఎవరూ వేయరు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను ఎక్కడా చూడలేదు.

ఇదెక్కడిదని అడిగాను. గంగారెడ్డి తల్లి రాజవ్వ గడపలో కూర్చుని పిచ్చుకలను చూస్తోంది. ఆమే జవాబు చెప్పింది.

"మా మనుమరాలు గా దేశం నుంచి తెచ్చింది బిడ్డా. పెట్టెల దాసిపెట్టుకున్నది. వడ్లను పెట్టెల పెట్టి ఏం జేస్తం? పిట్టలన్న తింటయని నేనే దీసి కట్టిన."

మనుమరాలి పేరు శ్రావణి. వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరం. వాళ్ళ కళాశాల తరఫున ఒక సెమిస్టర్ చదవడానికి ఫిలిప్పీన్స్ వెళ్ళి, నాలుగు నెలలుండి, మూడు వారాల కిందటే తిరిగొచ్చింది. పిలిస్తే లోపలి నుంచి ఒక బిస్కెట్ల రేకు డబ్బా పట్టుకొచ్చింది. మూత తీసి చూపించింది. అక్కడి బస్సు టికెట్లు, క్యాంటీన్ కార్డు, కొబ్బరి చిప్పతో చేసిన గరిటె, ఏటి ఒడ్డు గులకరాళ్ళు నాలుగు, స్నేహితులు రాసిచ్చిన చీటీలు, చిన్న మందుసీసాలో నల్లటి మట్టి. ప్రతి వస్తువుకూ దారంతో చీటీ కట్టి, ఎక్కడ దొరికిందో, ఏ రోజో రాసి పెట్టింది. మా చదువులో మొక్కల నమూనాలకు అట్లాగే చీటీలు కడతాం. కంకులకు కట్టిన చీటీ మాత్రం ఒంటరిగా డబ్బా అడుగున పడి ఉంది. దాని మీద 'అవ్వ ఇచ్చింది' అని ఉంది.

ఆ అవ్వ అక్కడి కొండల్లో మెట్టు మెట్టుగా ఉండే వరి పొలాల మధ్య ఉంటుందట. పంటల సర్వే కోసం వెళ్ళిన శ్రావణి పది రోజులు ఆమె ఇంట్లో ఉంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆ ఊళ్ళో కొడవలితో మొదలంటా కోయరట. కంకి కంకినీ చిన్న కత్తితో తెంపి, కట్టలు కట్టి గాదెలో పెట్టుకుంటారు. వచ్చేసే రోజు ఆమె గాదెలోంచి ఒక కట్ట తీసి, వెదురు బద్దతో తిరిగి బిగించి, శ్రావణి చేతిలో పెట్టి, రెండు చేతులతో ఆ చేతిని మూసేసిందట. ఇది చెప్తూ ఆ అమ్మాయి తన చేతిని అట్లాగే మూసి చూపించింది.

నేను మాత్రం విదేశీ విత్తనాల నిబంధనల సంగతి ఆలోచిస్తున్నాను. విదేశాల నుంచి విత్తనం తేవాలంటే ముందు అనుమతి పత్రం ఉండాలి. అది తెగుళ్ళు లేని విత్తనమని ఆ దేశం ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. దిగిన చోట అధికారులకు చూపించాలి. మట్టి సంగతి ఇంకా కఠినం. మనకు లేని పురుగో తెగులో ఒక్క పిడికెడు గింజలతో వచ్చి, ఒక ఆయకట్టునే తినేయగలదు. మూడో సంవత్సరంలో ఈ పాఠం నీకు చెప్పలేదా అని అడిగాను. నా గొంతులో వెటకారం ఉంది, ఒప్పుకుంటాను.

"చెప్పిన్రు మేడం. మార్కులు గూడ మంచిగనే వచ్చినయ్. కని గది విత్తనమన్న సోయే లేదు నాకు. యాదికని తెచ్చుకున్న."

జ్ఞాపకం కోసం తెచ్చుకున్నానన్న ఆ మాట అబద్ధమనిపించలేదు. మిగతా డబ్బానంతా తీసుకుని ఆ ఒక్క కట్టను వదిలేయమంది. కనీసం ఒక కంకి అంది. అద్దంలో బిగించి గోడకు పెట్టుకుంటానంది. నేను వీల్లేదన్నాను. ముఖం చిన్నబుచ్చుకుంది కానీ వాదించలేదు. మా వృత్తిలోకి రాబోయే పిల్ల కదా, వాదిస్తే నిలవదని తెలుసు.

కుచ్చును దించి, కింద రాలినవన్నీ ఊడ్పించి, మట్టి సీసాతో సహా మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి లక్క ముద్ర వేశాను. పంచనామా రాశాను. ఇటువంటప్పుడు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. ఆ గింజ నేలలోకి వెళ్ళిందా లేదా? వెళ్ళకపోతే కట్టను తగలబెడితే సరిపోతుంది. నారుమడిలోకి వెళితే నారంతా తీసేయాలి, ఆ ఏటికి గంగారెడ్డి విత్తన క్షేత్రం పోయినట్టే. అతన్ని అడిగాను.

"నేనైతే ఒక్క గింజ గూడ ముట్టలే మేడం. కేళీలంటే నాకెంత భయమో మీకెరికే గద."

నిజమే, ఎరికే. అదే రాసి, పట్టాదారు వాంగ్మూలం అన్న గడిలో సంతకం తీసుకున్నాను. బాన్సువాడలో మా పై అధికారి సహాయ సంచాలకుడికి ఫోన్లో చెప్పాను. పైనుంచి లిఖిత ఆదేశం వచ్చాక తగలబెడదామన్నాడు. మధ్యాహ్నానికి ఆఫీసుకు చేరి, పని సవ్యంగా ముగిసిందనే అనుకున్నాను.

మరునాడు నేను తాళం తీసేసరికే శ్రావణి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. రాత్రి నిద్రపోలేదని కళ్ళు చెప్తున్నాయి. సీలు వేసే ముందు కట్టను ఆఖరిసారి చూసుకుంటుంటే ఒకటి గమనించానంది. పిచ్చుక తిన్న చోట కంకికి పొట్టు అక్కడక్కడా అంటుకుని ఉంటుంది. కట్ట వెనక వైపున్న నాలుగు కంకులకు పొట్టు లేదు, గింజ లేదు. చేత్తో దూసినట్టు నున్నగా ఉన్నాయి. ఇంటికెళ్ళి నాయనమ్మను అడిగింది. నాయనమ్మ దాచలేదు, ఆ గింజలు దూసింది తనేనంది. చెప్పడం అయ్యాక శ్రావణి ఒక్క మాటే అంది.

"నారుమడి గూడ చూడాలె మేడం."

అది వాళ్ళ నాన్న నారుమడి. ఆ పిల్ల నోరు మెదపకుండా ఉంటే నాకెప్పటికీ తెలిసేది కాదు. అదే కట్టను నేనూ చేత్తో పట్టుకున్నాను. దాని వెనక వైపు చూడాలని నాకు తోచలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం నాకుంటే, చూసింది ఆ పిల్ల.

ఇద్దరం ఊరికి వెళ్ళాం. రాజవ్వ అదే గడపలో ఉంది. ఆ ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, విత్తనాలు నానబోసి, మొలకలు రావడానికి గోనెలో మండె కట్టేటప్పుడు, గుమ్మానికున్న కుచ్చు నుంచి చారెడు గింజలు దూసి అందులో కలుపుతారు. పిట్టలు తిన్న కుచ్చు గింజ కలిస్తే నారు ఏపుగా వస్తుందని ఆమె అత్త చెప్పిందట. ప్రతి ఏటా కలుపుతోంది. కొడుకు ముద్ర సంచి విత్తనం కొనుక్కొచ్చినా, మండె కట్టేది మాత్రం ఆమే. ఆ ఏడూ కలిపింది. నిన్న నేను అడిగినప్పుడు ఇది ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నన్నెక్కడ అడిగినవ్ బిడ్డా? వాన్నడిగినవ్. నేనీడనే గూసున్న."

సిగ్గేసింది.

గంగారెడ్డి నన్ను నారుమడి గట్టు మీదికి పిలుచుకెళ్ళాడు. అక్కడ బతిమాలాడు. ఎర్ర మీసాల కంకి కళ్ళకు కొట్టినట్టు కనబడుతుంది, కంకి తీసినాక ఒక్కటి మిగలకుండా పీకేస్తానన్నాడు. పీకగలడు కూడా. కానీ కేళీ కంటికి కనబడుతుంది, తెగులు కనబడదు. నారుమడి నీళ్ళు తూములోంచి పక్కవాళ్ళ మళ్ళలోకి పోతాయి. ఈ రెండు మాటలూ చెప్పాను. అతను కూతురి వైపు తిరిగాడు.

"నీ యాదికి నా నారు పాయె."

"నేనే తెచ్చిన, నేనే చెప్పిన బాపూ. నేనే పీకుత," అంది శ్రావణి.

తూము మూయించాను. సహాయ సంచాలకుడు వచ్చి చూసి, ఆదేశం రాసిచ్చాడు. ఆ సాయంత్రం నుంచి మరునాడు మధ్యాహ్నం దాకా ముగ్గురు కూలీలతో కలిసి శ్రావణి నారంతా పీకింది. ఎండబెట్టి, గుంటలో తగలబెట్టి, పైన సున్నం చల్లి పూడ్చారు. ఇరుగు పొరుగు రైతులు గట్ల మీద నిలబడి చూశారు. పచ్చి నారు పీకి తగలబెట్టడం వాళ్ళెవరూ చూసినది కాదు. గంగారెడ్డి అటువైపు రాలేదు. గోదాములో ఆ రకం విత్తనం అయిపోయింది. ఆ వానాకాలం అతని పొలంలో విత్తన క్షేత్రం బోర్డు లేదు. మామూలు వరి వేశాడు.

లక్క ముద్ర సంచిని అదే గుంటలో వేసే ముందు, శ్రావణి నా దగ్గరికి వచ్చి, వెదురు బద్ద ఒక్కటి ఇవ్వగలరా అని అడిగింది. గింజ కాదు, గడ్డి కాదు, కట్టిన బద్ద. ఈసారి నేను వెంటనే వీల్లేదనలేదు. వేడి నీళ్ళతో శుద్ధి చేయడం మా పుస్తకాల్లో ఉన్న పద్ధతే. ఉడికిస్తే తీసుకోవచ్చన్నాను. రాజవ్వ వడ్లు ఉడకబెట్టే పెద్ద గిన్నె పొయ్యి మీదికెక్కించింది. నేను గడియారం చూస్తూ పక్కన నిలబడ్డాను. జానెడు వెదురు బద్ద గంటసేపు ఉడికింది. ఈ సంగతి కూడా నివేదికలో రాశాను. సహాయ సంచాలకుడు ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టి, దాని కిందే సంతకం చేశాడు.

కార్తీకంలో కోతలయ్యాక వేరే పని మీద ఆ ఇంటికి వెళ్ళాను. గుమ్మానికి కొత్త కుచ్చు ఉంది. వాళ్ళ పొలంలోని మామూలు వరే. కట్టింది మాత్రం ఆ వెదురు బద్దతో. శ్రావణే కట్టిందని, తర్వాత చదువుకు వెళ్ళిందని రాజవ్వ చెప్పింది. ఈ కుచ్చు గింజలు మండెలో వెయ్యనని నేను అడగకుండానే అంది. గంగారెడ్డి కుర్చీ తెచ్చి వేశాడు. యాసంగి పంటకు మళ్ళీ విత్తన క్షేత్రం పెడతానని, కాగితాలు సిద్ధం చేయమని అడిగాడు.

నా దగ్గరున్న నమూనా పత్రంలో వాంగ్మూలానికి ఒకటే గడి ఉండేది, అది పట్టాదారుది. ఆ గడి నిండితే విచారణ పూర్తయిందని ముప్పై ఏళ్ళు అనుకున్నాను. నేనూ ఆడదాన్నే, అయినా గడపలో కూర్చున్న ఆడమనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. మిగిలిన ఏడాదిలో నేను నమోదు చేసిన ప్రతి విత్తన క్షేత్రానికి, పట్టాదారు సంతకం కంటే ముందు, ఆ ఇంట్లో మండె కట్టేదెవరో కనుక్కుని ఆ మనిషితో మాట్లాడాను. దానికి పత్రంలో గడి లేదు. అంచున ఖాళీలో రాశాను.